చిత్రకోటకని దాచిన రెండు సీసాలు

మా బావమరిది శంకరరావును భిలాయి, దుర్గ్‌లలో చాలామంది ఎరుగుదురు. దుర్గ్‌లో పెద్ద హోటలు భోజనాల హాల్లో తెల్లకోటు వేసుకుని, ఎడమచేతి మీద తువ్వాలు మడతపెట్టుకుని, వచ్చినవాడు కలెక్టరైనా గుమస్తా అయినా ఒకేలాగ కుర్చీ జరిపే మనిషి అతనే. అతణ్ణి మొదట వడ్డన పనిలో పెట్టింది నేను. పెట్టిన కొత్తలోనే ఆ పని చేతిలోంచి జారిపోబోయింది. అది నిలిచిన తీరు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు నా గురించి రెండు ముక్కలు. నాది బొబ్బిలి దగ్గర పల్లె. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. వాల్తేరు స్టేషన్ భోజనశాలలో ఉల్లిపాయలు తరగడంతో మొదలుపెట్టి కట్లెట్లు, కస్టర్డ్ దాకా వెళ్ళాను. భిలాయి వచ్చి క్యాంప్ 2లో టిఫిన్ హోటలు పెట్టాను. అక్కడి ఉక్కు కర్మాగారంలో పనిచేసే రష్యన్ ఇంజనీర్ల విందులకు నన్ను పిలిచేవారు. వాళ్ళ బీట్‌రూట్ సూప్ ఎలా చేశావని వాళ్ళ ఆడవాళ్ళే వంటింట్లోకొచ్చి అడిగారు. వంటకు కావలసినంత వాళ్ళ భాష కూడా పట్టాను. ఉప్పు, ఉల్లి, వేడి, చాలు, ఔను, కాదు. మా ఆంధ్ర సంఘం ఉగాది వంటలు ఏటేటా నా చేతి మీదే నడిచాయి. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, ఐదో తరగతి వాడు ఇంతకంటే ఏం చెయ్యగలడు?

శంకరరావుది వేరే కథ. భిలాయి పక్కన హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న ఫౌండ్రీలో, కరిగిన ఇనుము పోసే ఇసుక అచ్చులు చేసే పనిలో ఉండేవాడు. నల్ల ఇసుక దుమ్ము ఛాతీలో పేరుకుపోయింది. నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం. పడుకుంటే దగ్గు. డాక్టరు పరీక్ష చేసి, "ఈ దుమ్ములోకి మళ్ళీ వెళ్ళావంటే నా దగ్గరికి రావద్దు" అన్నాడు. ఇంకో పని చూపించేవాడు లేక శంకరరావు దగ్గుతూనే వెళ్తున్నాడు. మా ఆవిడ సింహాచలమ్మ నన్ను నిలవనియ్యలేదు. "ఊళ్ళో అందరికీ వొండి పెడతావు, నా తమ్ముడికి ఊపిరి పెట్టలేవేటి?" అంది.

అప్పుడే పార్థసారథి గారు నాకు కబురు పెట్టారు. ఆయన రాజమండ్రి మనిషి, రష్యన్ భాష చదువుకున్నవారు. విదేశీ ఇంజనీర్లనూ వాళ్ళ కుటుంబాలనూ సెలవుల్లో విహారయాత్రలకు తీసుకెళ్ళే వ్యాపారం కొత్తగా మొదలుపెట్టారు. మామూలు యాత్ర కాదు. రైల్వే వారి దగ్గర టూరిస్ట్ కారు అనే ప్రత్యేకమైన పెట్టె అద్దెకు దొరికేది. అందులో మంచాలున్న గదులు, స్నానాల గది, పెద్ద బల్ల వేసిన భోజనాల గది, చివర వంటగది. ఏ బండికి తగిలిస్తే ఆ బండితో పోతుంది. నచ్చిన ఊళ్ళో విడదీసి పక్క పట్టాల మీద నిలబెడితే అదే హోటలు. 1976 డిసెంబరులో ఎనిమిది మందితో దుర్గ్ నుంచి బయల్దేరి, విజయనగరం మీదుగా అరకు ఎక్కి, జగదల్‌పూర్‌లో దిగి, చిత్రకోట జలపాతం చూపించి తిరిగి రావాలి. వంటకు నన్ను మాట్లాడారు. వడ్డనకు మా శంకరరావును పెట్టుకోమని నేను అడిగాను.

ఆయన అతణ్ణి ఎగాదిగా చూసి, "మనిషి ఒద్దికగానే ఉన్నాడు. ఈ ట్రిప్పులో చూస్తాను, నరసింగరావ్. అతిథులు మెచ్చుకుంటే పర్మనెంట్. మాట వచ్చిందో, మళ్ళీ తన ఫౌండ్రీకే" అన్నారు.

అదీ ఒప్పందం. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇత్తడి గ్లాసులతో శిక్షణ మొదలైంది. వైను ఎలా పొయ్యాలో, సీసా మూతిని ఎలా తుడవాలో, బిరడా చప్పుడు కాకుండా ఎలా లాగాలో వాల్తేరులో నేర్చిందంతా చెప్పాను.

"ఇన్ని గలాసులేటి బావా?" అన్నాడు శంకరరావు.

"తెల్ల వైనుకొకటి, ఎర్ర వైనుకొకటి, నీళ్ళకొకటి."

"మనకి అన్నీ ఒక సెంబుతోనే అయిపోతాయి గదా!"

గడపలో కూర్చున్న అతని భార్య నూకరత్నం నవ్వింది. "సూడన్నయ్యా, పెళ్ళాం దగ్గర మెడ వొంగని మనిషి గలాసుల దగ్గర ఎలా వొంగుతున్నాడో!"

"నువ్వూ గలాసులాగ సప్పుడు సెయ్యకుండా ఉంటే నీకూ వొంగుదును" అన్నాడు శంకరరావు. నవ్వబోయి దగ్గాడు. నూకరత్నం మొహంలో నవ్వు పోయింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి అతని వీపు రాస్తూ నిలబడింది.

ప్రయాణం బాగానే మొదలైంది. తెల్లటి బల్లగుడ్డ, మెరిసే గాజు గ్లాసులు, కిటికీలోంచి అడవి. మొదట సూప్, తర్వాత చేప, తర్వాత మాంసం, ఆ తర్వాత కస్టర్డ్. కుదుపుతున్న రైల్లో బొగ్గు పొయ్యి మీద కస్టర్డ్ విరగకుండా దించినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. శంకరరావు కూడా చుక్క ఒలకకుండా పోశాడు. ఆ పెట్టెలో దుమ్ము లేదేమో, దగ్గు తగ్గుముఖం పట్టింది.

అతిథుల్లో పెద్దాయన ఆండ్రెయెవ్ అనే ఇంజనీరు. భార్య పేరు తమారా, జార్జియా ఆవిడ. ఆమె తండ్రి సొంత ద్రాక్షతోటలో చేసిన ఎర్ర వైను రెండు సీసాలు వాళ్ళు వెంట తెచ్చారు. వాళ్ళ పెళ్ళిరోజు ఆ ప్రయాణంలోనే వస్తోంది. ఆ సాయంత్రం జలపాతం ఒడ్డున అందరి ఎదుటా ఆ సీసాలు తియ్యాలని ఆయన ముచ్చట. పార్థసారథి గారు మమ్మల్నిద్దరినీ పిలిచి గట్టిగా చెప్పారు. "ఇవి డబ్బు పెట్టినా దొరకవు. ఆండ్రెయెవ్ గారు తన నోటితో అడిగితే తప్ప వీటిమీద చెయ్యి పడకూడదు. అర్థమైందా, శంకర్రావ్?"

"అయింది బాబూ. ఆయన అడిగితేనే" అన్నాడు శంకరరావు.

మర్నాడు మధ్యాహ్నం రాయగడలో బండి ఆగింది. ఇంజను మార్పు. పార్థసారథి గారు స్టేషన్ మాస్టరుతో మాట్లాడటానికి దిగారు. మిగతా అతిథులు ప్లాట్‌ఫారం మీద ఫొటోలు తీసుకుంటున్నారు. భోజనాల గదిలో ఆండ్రెయెవ్, తమారా ఇద్దరే కిటికీ వైపు తిరిగి కబుర్లాడుకుంటున్నారు. వాళ్ళ ముందు బల్ల మీద మామూలు వైను సీసాలు రెండున్నాయి. నేను వంటగదిలో చేప ముక్కలు వేయిస్తున్నాను.

ఇంజను వచ్చి తగిలేసరికి పెట్టె మొత్తం ఎగిరిపడ్డట్టయింది. అలమారలో దాచిన ఆ రెండు సీసాలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. పగిలిపోతాయని శంకరరావు రెండింటినీ తీసి, పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు చంకల్లో పట్టుకుని, భోజనాల గది గుమ్మంలో నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే తమారా ఏదో అడిగింది. ఆండ్రెయెవ్ "దా, దా" అన్నాడు.

శంకరరావు ఒక అడుగు ముందుకేసి, "ఏటి బాబూ?" అన్నాడు.

ఆయన వెనక్కి తిరగకుండానే బల్ల మీది సీసాలకేసి చెయ్యి ఊపి, "దా, దా. ఏటి!" అన్నాడు.

నాకు పొయ్యి దగ్గర ఆ మాటలు వినిపించాయి. వేపుడు చప్పుడులో పట్టించుకోలేదు. చేప పళ్ళెం పట్టుకుని వెళ్ళేసరికి ఒక సీసా బిరడా తీసి ఉంది. ఇద్దరి గ్లాసుల్లోనూ ఎర్రటి వైను ఉంది. శంకరరావు నేను నేర్పినట్టే సీసా మూతి తుడుస్తున్నాడు.

ఆండ్రెయెవ్ ఒక గుక్క తాగి ఆగిపోయాడు. గ్లాసు దించి సీసా వైపు చూశాడు. మొహం కందగడ్డలా అయింది. ఆ సమయానికే పార్థసారథి గారు మెట్లెక్కి లోపలికొచ్చారు.

"హే భగవాన్! యే క్యా కియా తుమ్‌నే?" అని అరిచారు. "నేను చెప్పిందేమిటి, నువ్వు చేసిందేమిటి?"

"సాయెబు అడిగినారు బాబూ."

"అడిగారా? ఈయనకి తెలుగొచ్చా, నీకు రష్యనొచ్చా?"

"తెలుగులోనే అడిగినారు బాబూ. దా దా అన్నారు. ఏటి బాబూ అన్నాను. దా దా, ఏటీ అని కసిరినారు. మా పెద్దనాన్న కసిరినట్టే కసిరినారు."

"నోరుముయ్యి. సాయంత్రం విజయనగరంలో దిగి వెనక్కి బండెక్కు. కోటు ఇక్కడ విప్పేసి వెళ్ళు."

శంకరరావు మొహం పాలిపోయింది. మాట్లాడబోతే దగ్గు వచ్చింది. ఫౌండ్రీ దగ్గు. ఒక చేత్తో సీసా పడిపోకుండా పట్టుకుని, రెండో చేత్తో కోటు బొత్తాలు విప్పడం మొదలుపెట్టాడు.

నాకప్పుడు వెలిగింది. పళ్ళెం కింద పెట్టి, "ఆగండి పార్థసారథి గారూ. తప్పు మనిషిది కాదు, మాటది" అన్నాను. "వాళ్ళకి 'దా' అంటే ఔను. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు 'దా' అంటే రమ్మని. అన్నానికి దా, ఇటు దా అంటాం. ఇక 'ఏటి' అంటే మాకు ఏమిటని. వాళ్ళకేమిటో మీరే చెప్పండి. ఆ మాట నాకు రాదు."

ఆయన నెమ్మదిగా, "ఏతి... అంటే 'ఇవి' అని" అన్నారు.

"మరింకేం? మావాడు 'ఇవేనా' అన్నట్టు ఆయనకి వినబడింది. ఆయన బల్ల మీదివి చూపించి 'ఔనౌను, ఇవే' అన్నాడు. మావాడికేమో 'రా రా, ఏమిటి నిలబడ్డావు' అన్నట్టు వినబడింది. తను పట్టుకున్న సీసాలే అడుగుతున్నారనుకున్నాడు."

ఆ సందులో తమారా తన గ్లాసు ఎత్తి వాసన చూసింది. నాలుకకు తగిలించి మూతి విరిచింది. భర్త చేతిలో గ్లాసు కూడా వాసన చూసింది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆయన్ని చూపించి గబగబా ఏదో చెప్పింది. పార్థసారథి గారు విని తబ్బిబ్బయ్యారు.

"ఏమంటుందండీ?" అన్నాను.

"పులిసిపోయిందట. వెనిగర్ అయిపోయిందట. భిలాయి ఎండలు తట్టుకోలేకపోయిందట. 'కూతురు పెళ్ళికి తీద్దామంటే ఆగమన్నావు, నీ ప్రమోషన్‌కి తీద్దామంటే ఆగమన్నావు, చివరికి జలపాతం దగ్గర అందరి చేతా వెనిగర్ తాగించేవాడివి' అని ఆయన్ని దులుపుతోంది."

ఆండ్రెయెవ్ కాసేపు బిక్కమొహం వేశాడు. తర్వాత రెండో సీసా తియ్యమని చేత్తో సైగ చేశాడు. ఈసారి నోరు మాత్రం విప్పలేదు. శంకరరావు నావైపు చూశాడు. నేను తలూపాను. బొత్తాలు సగం ఊడిన కోటుతోనే, చప్పుడు లేకుండా బిరడా లాగాడు. ఆవిడ చుక్క రుచి చూసి, కళ్ళు మూసుకుని, వాళ్ళ నాన్నను తలుచుకున్నట్టు ఒక మాట అంది. అది బాగుంది. వెంటనే బిరడా బిగించమని, మిగతాది జలపాతానికని చెప్పింది.

విజయనగరం వచ్చింది. శంకరరావు గుమ్మంలో తన సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పార్థసారథి గారు అతని పక్కనుంచి దిగి, మళ్ళీ ఎక్కి, "ఆ సంచీ అడ్డంగా ఉంది, తియ్యి" అన్నారు. అది ఉండమనడమో, పొమ్మనడమో మాకు తెలియలేదు. బండి కదిలాక శంకరరావు సంచీ లోపల పెట్టాడు.

పులిసిన వైనును నేను పారబొయ్యలేదు. జగదల్‌పూర్‌లో మంచి మాంసం దొరికింది. ఉల్లి చక్రాలు, మిరియాలు వేసి ఆ వైనులోనే నానబెట్టాను. చిత్రకోట దగ్గర ఇంద్రావతి ఒడ్డున నిప్పులు పరిచి, ఇనప చువ్వలకు గుచ్చి కాల్చాను. వాళ్ళ దేశంలో కూడా అలాగే చేస్తారట, అప్పటికి నాకు తెలియదు. తమారా మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. ఆ రెండు సీసాలూ వృథా కాలేదు. ఒకటి గ్లాసుల్లోకి వెళ్ళింది, ఒకటి మాంసంలోకి.

ఆండ్రెయెవ్ నిలబడి, జలపాతం హోరులో గొంతు పెంచి ప్రసంగం చేశాడు. రాయగడ సంగతి చెప్పాడని అందరూ శంకరరావు వైపు తిరిగి నవ్వినప్పుడు తెలిసింది. ఆ రాత్రంతా అతిథులు ఏం కావాలన్నా చప్పట్లు కొట్టలేదు, గంట మోగించలేదు. "శంకరావ్, దా!" అన్నారు. అతను ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి వంగి, "ఏటి బాబూ?" అన్నాడు. అన్న ప్రతిసారీ వాళ్ళు నవ్వారు. శంకరరావు నవ్వలేదు. పార్థసారథి గారి మొహమే చూస్తున్నాడు.

తిరుగు ప్రయాణమంతా అదే బెంగ. దుర్గ్‌లో దిగేటప్పుడు ఆండ్రెయెవ్ పార్థసారథి గారి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పి వెళ్ళిపోయాడు. శంకరరావు కోటు విప్పి, మడతపెట్టి, రెండు చేతులతో అందించాడు.

"ఇదెందుకు నాకు?" అన్నారు పార్థసారథి గారు.

"విప్పేసి ఇమ్మన్నారు గదా బాబూ."

"అప్పుడన్నాను. ఫిబ్రవరిలో వాళ్ళ స్నేహితుల యాత్ర ఉంది. రైలు ఏదైనా సరేనట, వడ్డనకి మాత్రం నువ్వే ఉండాలట. ఉతికించుకో. ఇంకొకటి కూడా కుట్టించుకో." రెండడుగులు వేసి మళ్ళీ ఆగారు. "రేపొచ్చి నా దగ్గర నాలుగు రష్యన్ ముక్కలు నేర్చుకో. నీ తెలుగుతో నాకు గుండె ఆగిపోయేలా ఉంది."

ఇద్దరం క్యాంప్ 2కి వచ్చేసరికి నూకరత్నం వీధిలోనే ఉంది. భర్త మొహంలో సంగతి తెలియక నా వైపు చూసింది. "ఏటయిందన్నయ్యా? సెప్పరేటి?"

నేను చెప్పబోయాను. శంకరరావు నన్ను ఆపి తానే చెప్పాడు. "ఫౌండ్రీకి ఎల్లక్కర్లేదు."

ఆమె అక్కడే అరుగు మీద కూలబడి, కొంగుతో మొహం కప్పుకుని, గట్టిగా ఊపిరి వదిలింది. లోపలినుంచి మా ఆవిడ వచ్చి, "లెగవే, కాఫీ పెట్టు. బావా బావమరుదులు పొద్దున్నుంచి ఏటీ తాగలేదులా ఉంది" అంది. శంకరరావు మడతపెట్టిన కోటును ఎత్తుగా ఉన్న మేకుకు తగిలించి, దాని కిందనే చాప పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడు. కాఫీ వచ్చేలోగా నిద్రపోయాడు. మేమెవరం లేపలేదు.