నాగప్ప నంబరు

రామాంజినమ్మ గురించి ఎవరడిగినా నేను ముందు ఆమె గొంతు గురించే చెబుతాను. వీధికి ఈ చివర నిలబడి ఆ చివర పోతున్న గొర్రెను వెనక్కి తిప్పే గొంతు అది. ముదిగుబ్బ బస్సు మలుపు దాటిపోయినా ఆమె కేకేస్తే డ్రైవరు బ్రేకు వేస్తాడు. అలాంటి మనిషి మొన్న ఎండాకాలంలో గుసగుసలాడటం మొదలుపెట్టింది. లోపల ఎవరో పడుకున్నారు, నిద్ర చెడగొట్టకూడదు అన్నట్టు మాట్లాడేది. లోపల ఎవరూ లేరని నాకు తెలుసు.

మా ఇళ్ళు పక్కపక్కనే. నా పేరు సువర్ణ. బట్టలు కుడతాను, ఫోన్లకు రీచార్జి చేస్తాను. నోరు పెద్దదని ఊళ్ళో అంటారు. అననీ.

రామాంజినమ్మ మొగుడు నాగప్ప గొర్రెల కాపరి. మా నేల మీద మేత అయిపోగానే మందను తోలుకొని కర్ణాటక దిక్కు పోయేవాడు. పోతే నెలల తరబడి రాడు. ఫోన్‌లో కబుర్లు చెప్పే మనిషి కాదు. పొద్దుగూకి మంద చుట్టూ వల కట్టినాక ఇంటికి రెండు రింగులిచ్చి పెట్టేసేవాడు. నేను బాగున్నాను, మంద బాగుంది అని దాని అర్థం. ఈమె తిరిగి రెండు రింగులిచ్చేది. ఇల్లు బాగుంది అని. అంతే సంసారం. దాని మీద ఊరంతా నవ్వేవాళ్ళం కానీ, ఆ రెండు రింగులు రావడం ఆలస్యమైన సాయంత్రం ఆమె గడపలోంచి కదిలేది కాదు.

పోయినేడు తొలకరి ముంగారు వానల్లో, సరిహద్దు అవతల, పిడుగు పడి నాగప్ప పోయాడు. తమ్ముడు ఆంజి శవాన్ని దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చాడు. "మొగం చూడొద్దు వదినా, చూడలేవు" అన్నాడు. ఆమె చూడలేదు. దుప్పట్లోంచి బయటికి వచ్చిన పాదాలు పట్టుకొని ఏడ్చింది. అట్లాగే పూడ్చేశాం. చూడకపోవడమే మేలని ఆ రోజు అందరం అనుకున్నాం.

దినాలకు ఊరి కుర్రాళ్ళు బస్టాపు దగ్గర కన్నీటి నివాళి అని నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. ఏదో పెళ్ళిలో తీసిన ఫోటోలోంచి నాగప్ప ముఖం మాత్రం పెద్దది చేసి వేశారు. తెల్ల చొక్కా, దువ్విన జుట్టు. ఫోటో తీసేవాడు ఏదో అంటే నవ్వబోయి ఆపుకున్నట్టు ఉంటాడు. దినాలయ్యాక ఫ్లెక్సీ ఇంటికొచ్చింది. మా దగ్గర అంత మంచి గుడ్డను ఎవరూ పారేయరు. ఆమె దాన్ని గొర్రెపిల్లల దొడ్డికి పడమటి ఎండ తగలకుండా అడ్డం కట్టింది. "పిల్లలను ఆయప్పే చూసుకోనీలే" అంది.

ఒక గొర్రెపిల్ల ఊరుకోక ఫ్లెక్సీలో ఆయన చెవి కింద కొరికి చిల్లు పెట్టింది. ఆమె ఫ్లెక్సీ విప్పి నా మిషను దగ్గరికి తెచ్చింది. నా దగ్గర రాయదుర్గం నుంచి వచ్చే జీన్సు ముక్కలు ఎప్పుడూ ఉంటాయి. ఒక నీలం ముక్క అతికించి కుట్టాను. ఆ మందం గుడ్డకు సూది విరిగింది, నేను తిట్టుకున్నాను కూడా.

నాగప్ప ఫోన్‌ను మాత్రం ఆమె గోడగూట్లో పెట్టింది. చార్జింగ్ పెడుతుంది, రీచార్జి చేయిస్తుంది. "పోయినోళ్ళ నంబరుకు రీచార్జి ఏందక్కా?" అన్నాను ఒకసారి. "నీ పని నువ్వు చెయ్‌మ్మా" అంది. పొద్దుగూకగానే తన ఫోన్ నుంచి రెండు రింగులిస్తుంది. గూట్లో ఆ ఫోన్ రెండుసార్లు మోగి ఊరుకుంటుంది. అప్పుడు లేచి పొయ్యి రాజేస్తుంది. దీన్ని పిచ్చి అంటే నేను ఒప్పుకోను. గుడికి పోయి గంట కొట్టి వచ్చేవాళ్ళందరినీ పిచ్చివాళ్ళంటామా?

శివరాత్రి దాటి ఎండలు మొదలైన వారంలో ఒక సాయంత్రం ఆమె రెండు ఫోన్లూ పట్టుకొని మా ఇంటికొచ్చింది.

"సువర్ణా, నా చెవిలో రింగు పోతాండాది. ఇది మోగల్యా."

గూట్లోని ఫోన్ తీసుకొని చూశాను. సిగ్నల్ లేదు. ఆమె ఫోన్ నుంచి మళ్ళీ చేశాను. నిజమే, అవతల మోగుతోంది. ఎక్కడ మోగుతోందో తెలియదు. నా చేతిలో ఉన్నది మాత్రం చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. నెట్‌వర్క్‌కు తిక్క పట్టినట్టుందని చెప్పి పెట్టేశాను. పెట్టీ పెట్టకముందే ఆమె ఫోన్ వెలిగింది. తెర మీద నాగప్ప అని పేరు. రెండుసార్లు మోగింది. ఆగిపోయింది.

ఆమె ఫోన్ వైపే చూస్తూ నిలబడింది. "వల కట్టినట్టుండాడు" అంది. గుసగుస అక్కడ మొదలైంది.

మరునాడు నేను నా ఫోన్ నుంచి నాగప్ప నంబరుకు చేశాను. ఎవరో ఎత్తారు. ఎవరప్పా నువ్వు అంటే పలకలేదు. బయలు మీద గాలి కొట్టే చప్పుడు వినిపించింది, తర్వాత కట్ అయింది. పోకిరీ వెధవ ఎవడో ఉన్నాడని నాకు తెలుస్తూనే ఉంది. అయినా సాయంత్రమయ్యేసరికి నాకూ చెవి ఆమె ఇంటివైపే ఉండేది. ఆమె రెండు రింగులిస్తే చాలా రోజులు అటునుంచి కూడా రెండు వచ్చేవి. మనిషి తిరిగి మిస్డ్ కాల్ ఇవ్వడంలో వింతేముంది, లోకమంతా చేసే పనే. ఈ ఇంట్లో దానికి వేరే అర్థం ఉందని వాడికి తెలిసి ఉండదు. తెలిసి చేసుంటే వాడు మనిషి కాదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు భరత్ అనే కానిస్టేబుల్ బండి మీద వచ్చాడు. నేను ఆమె వాకిట్లోనే ఉన్నాను.

"నాగప్ప యాడమ్మా?" అన్నాడు.

"గొర్రెల ఎంట పోయినాడు సామీ" అంది రామాంజినమ్మ.

అది ఆమె అబద్ధం చెప్పడం కాదు. కాపరుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు కొత్తవాడెవడు వచ్చినా అదే మాట అంటారు. ఇంట్లో మగవాడు లేడని తెలియని మనిషికి చెప్పరు. మొగుడు ఊళ్ళో లేకున్నా, లోకంలోనే లేకున్నా, గొర్రెల వెంట పోయాడు, వచ్చేస్తాడు అంటారు. నాగప్ప పోయిన సంగతి నేనే భరత్‌కు చెప్పాల్సి వచ్చింది.

అతను బండి మీద నుంచి దిగాడు. రాయదుర్గంలో జీన్సు కుట్టే అంజలి అనే అమ్మాయికి నాగప్ప నంబరు నుంచి ఫోన్ వచ్చిందట. బ్యాంకు వాళ్ళమని చెప్పి ఆమె కూడబెట్టుకున్నదంతా ఊడ్చేశారట. పోలీసులు ఫోన్ కంపెనీని అడిగితే జవాబు వచ్చింది. శివరాత్రి దాటిన వారంలో నాగప్ప స్వయంగా అనంతపురంలోని వాళ్ళ షాపుకు వచ్చాడు, పాత సిమ్ పోయిందన్నాడు, పుట్టిన తేదీ, తండ్రి పేరు సరిగ్గా చెప్పాడు, ఫోటో దిగాడు, అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకుపోయాడు.

"ముంగారులో సచ్చినోడు శివరాత్రికి ఎట్లొచ్చినాడప్పా?" అన్నాను నేను.

రామాంజినమ్మ నన్ను చేత్తో ఆపింది. కానిస్టేబుల్ దగ్గరికి పోయి చాలా మెల్లగా అడిగింది.

"ఎట్లుండాడంట సార్? చిక్కిపోయినాడంటనా?"



ఇంక ఊరు ఊరుకుంటుందా. ముఖం ఎవరూ చూడలేదు కదా అని ఒకరు. మరిది తెచ్చింది ఎవరి శవమో అని ఇంకొకరు. పిడుగు దెబ్బకు మతి పోయి తిరుగుతున్నాడేమో అని మూడో మాట. ఆంజి అరుగు మీద కూర్చొని తల బాదుకున్నాడు. "మా అన్నను నేను గుర్తుపట్టలేనా, నా చేతులతో ఎత్తినా గదా" అని. ఆమె అతనికి అన్నం పెట్టింది కానీ మాట నమ్మలేదు. గూట్లోంచి నాగప్ప కంబళి తీసి ఎండలో ఆరేసింది. కొర్ర అన్నం ఇద్దరికి సరిపడా వండింది. తలుపుకు గడియ పెట్టడం మానేసింది. పొద్దుటే నేను చూసేసరికి ఆ తలుపు గాలికి తెరుచుకొని, మూసుకొని, మళ్ళీ తెరుచుకుంటూ ఉండేది. లోపల ఆమె కూర్చొని దాన్నే చూస్తూ ఉండేది.

నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. "ఆ షాపుకు పోదాం పా. వచ్చినోడి ఫోటో ఉండాది అంటాండారు గదా, చూద్దాం" అన్నాను. ఆమె ఉతికిన చీర కట్టుకుంది. సంచిలో కంబళి మడిచి పెట్టుకుంది. ఎందుకని నేను అడగలేదు.

భరత్ స్టేషన్ కాగితంతో అక్కడికే వస్తానన్నాడు, మేము ముందే చేరాం. అద్దాల తలుపు, లోపల ఏసీ. ఆమె చెప్పులు బయట విడిచి పోయింది. మేనేజరు పేరు ప్రణీత్. మర్యాదస్తుడే, కుర్చీలు వేయించాడు, నీళ్ళిప్పించాడు. ఫోటో మాత్రం చూపించనన్నాడు.

"కస్టమర్ ప్రైవసీ మేడం. కస్టమర్ వివరాలు కస్టమర్‌కు తప్ప ఎవరికీ చూపించకూడదు. ఆయన్నే రమ్మనండి."

"కస్టమరు గుంతలో ఉండాడు నాయనా. నువ్వే పోయి చూపించి రా" అన్నాను.

"మా రికార్డులో ఆయన యాక్టివ్‌గా ఉన్నారు మేడం" అన్నాడు అతను. ఎగతాళిగా కాదు, చాలా నెమ్మదిగా, నమ్మకంగా అన్నాడు. ఫోటో తీసే యాప్ ఊరికే ఒప్పుకోదట. ఎదుట మనిషే ఉండాలట, కళ్ళు ఆర్పమని అడుగుతుందట, ఆర్పితేనే ముందుకు పోతుందట. "ఆర్పినట్టే ఉంది" అన్నాడు తెర చూసుకుంటూ.

నాకు ఒళ్ళు చల్లబడింది. ఏసీ వల్ల అనుకున్నాను. రామాంజినమ్మ సంచిని గట్టిగా పట్టుకుంది.

భరత్ వచ్చి కాగితం బల్ల మీద పెట్టాక ప్రణీత్ తెరను మావైపు తిప్పాడు. ఆమె ముందు కళ్ళు మూసుకుంది. తర్వాత తెరిచింది.

నాగప్పే. తెల్ల చొక్కా, దువ్విన జుట్టు. మమ్మల్నే చూస్తున్నాడు.

"ఉండాడు" అంది ఆమె. ఆ ఒక్క మాట అనేటప్పుడు ఆమె ముఖం ఎట్లా వెలిగిందో నేను చచ్చేదాకా మరిచిపోను. ఒక్క క్షణం నేనూ నమ్మాను. ఆంజిని మనసులో తిట్టుకున్నాను కూడా.

అప్పుడు నాకు ఆయన చెవి కింద నీలం ముక్క కనిపించింది. దాని చుట్టూ నా కుట్టు.

పెద్ద నోరున్న దాన్ని, ఆ పూట నా నోరు పెగల్లేదు. ఆమె వేలు చాపి తెర మీద ఆయన చెంప నిమిరింది. నిమురుతూ చెవి దగ్గరికి వచ్చింది. వేలు ఆగిపోయింది.

"సువర్ణా" అంది. "ఇది నువ్వు కుట్టిందే గదా."

ఆమె ప్రణీత్ వైపు తిరిగి ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటూ చెప్పింది. శివరాత్రి దాటినాక ఒక పిల్లోడు వచ్చాడు. ఈ షాపులో వాళ్ళు తొడుక్కున్న చొక్కానే తొడుక్కున్నాడు. పాత నంబర్లన్నీ మళ్ళీ సరిచూస్తున్నాం, నాగప్ప యాడ అన్నాడు. ఆమె ఎప్పటి మాటే అంది, గొర్రెల ఎంట పోయినాడని. వాడు పాపం ఎండలో వచ్చాడని మజ్జిగ ఇచ్చింది. దొడ్డి నీడన కూర్చొని తాగాడు. ఎదురుగానే ఫ్లెక్సీ, దాని మీద కన్నీటి నివాళి అని ఇంత పెద్ద అక్షరాలు. గొర్రెపిల్లలు బాగున్నాయి, ఫోటో తీసుకుంటానవ్వా అన్నాడు. తీసుకోప్పా అంది.

"నాగప్ప పుట్టిన తేదీ, వాళ్ళ నాయన పేరు వాడికెట్ల తెల్సు? నేను చెప్పల్యా" అంది.

ప్రణీత్ తల దించుకున్నాడు. సరిచూడమని పంపేటప్పుడు కస్టమర్ల వివరాలన్నీ వాళ్ళ ట్యాబ్‌లో కంపెనీయే వేసి ఇస్తుందట. బొమ్మ కళ్ళెట్లా ఆర్పిందప్పా అని భరత్ అడిగితే, యాప్ మొరాయించినప్పుడు ఏజెంటే 'చూశాను' అని నొక్కి ముందుకు పోవచ్చట. "అతను మా ఉద్యోగి కాదు మేడం, కాంట్రాక్టు ఏజెంట్" అన్నాడు.

"చొక్కా మీది. ఆ ట్యాబూ, అందులోని వివరాలూ మీవి. మజ్జిగ ఒకటి మాది" అన్నాను. పాపం అతనూ జీతగాడే, కానీ నాకు ఆ రోజు ఎవరి మీదా జాలి కలగలేదు.

భరత్ ఆ ఏజెంట్ పేరు, ఊరు రాసుకున్నాడు. నంబరు అక్కడికక్కడే ఆపించాడు. ఫిర్యాదు కోసం షాపువాళ్ళు రామాంజినమ్మ నంబరు రాసుకున్నారు. తిరిగి బస్సులో వస్తుంటే ఆమె ఫోన్‌కు కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. నేనే చదివాను. ప్రియమైన నాగప్ప గారూ, మీ ఫిర్యాదు పరిష్కరించాం, మా షాపుకు వచ్చినందుకు ధన్యవాదాలు అని ఉంది. ఆమె ఏముందని అడిగింది. ఏదో ప్రకటనలే అన్నాను.

ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతోంది. ఆమె నేరుగా దొడ్డి దగ్గరికి పోయి ఫ్లెక్సీ తాళ్ళు విప్పింది. గొర్రెపిల్లలు కళ్ళ మీద ఎండ పడి తలలెత్తి చూశాయి. ఫ్లెక్సీని ముఖం లోపలికి వచ్చేట్టు మడిచి, కంబళితో పాటు గూట్లో పెట్టింది. గడపలో కూర్చొని రెండు రింగులకని ఫోన్ తీసింది. రింగు పోలేదు. మీరు చేసిన నంబరు ప్రస్తుతం వాడుకలో లేదు అని ఒక ఆడగొంతు చెప్పింది. మళ్ళీ చెప్పింది. ఆమె పెట్టేయకుండా చివరిదాకా వింది.

"ఇప్పుడు సచ్చిపోయినాడు సువర్ణా" అంది.

లేచి లోపలికి పోయింది. ఇన్నాళ్ళుగా గాలికి కొట్టుకుంటున్న తలుపు మూసుకుంది, గడియ పడింది. ఆ తర్వాత ఆమె ఏడ్చింది. గుసగుసగా కాదు. తన అసలు గొంతుతో, వీధి ఆ చివర గొర్రెలు కూడా ఆగి వెనక్కి చూసేట్టు ఏడ్చింది.