ప్రహ్లాద్ గారి మిరపకాయ శాస్త్రం

మా ఆర్కిటెక్ట్ ప్రహ్లాద్ గారికి ఒకటే పిచ్చి. ఎండను మిరపకాయలతో కొలుస్తారు. సంగారెడ్డిలో తాతల నాటి కిరాణా కొట్టు వాళ్లది. ఇంట్లో మజ్జిగలో నానబెట్టిన మిరపకాయలను స్టీలు డబ్బాలో తెచ్చి, కనిపించిన గోడ మీదల్లా ఆరబెడతారు. కాయ ఎండితే అక్కడ మనిషి కూర్చోకూడదు, బూజు పడితే కూర్చోవచ్చు. శాస్త్రం ఇంతే. బూజు పట్టిన కాయ దొరికిన రోజు ఆయనకు మనవడు పుట్టినంత సంబరం.

పటాన్‌చెరులోని మా మందుల కంపెనీ పర్యావరణానికి మేలు చేసే కొత్త ఆఫీసు కట్టాలనుకుంది. పర్యావరణానికి మేం చేసిన మేలు ఫ్యాక్టరీ వెనక కాలువనడిగితే చెబుతుంది. ఆ రోజు ఏ మందు తయారైతే ఆ రంగులో పారుతుంది. కనీసం ముందువైపైనా పచ్చగా కనిపించాలని మా ఎండీ గారి కోరిక. నాలుగు దిక్కులా అద్దాలే ఉన్న బొమ్మ ఒకటి ముందే గీయించి పెట్టుకున్నారు.

ప్రహ్లాద్ గారు ఆ బొమ్మ వైపు కన్నెత్తి చూడలేదు. పాత ఆఫీసులో ఎండీ గారి కుర్చీ పక్కన, అద్దాల కిటికీ దగ్గర, నాలుగు మిరపకాయలు పెట్టి కూర్చున్నారు. భోజనాల వేళకు అవి గలగలలాడాయి.

"మిరపకాయలు ఎండినయ్ సార్. మీరు గూడ ఎండిన్రు. ఇగ నూనె కాగబెట్టుడే తక్వ."

ఏసీ కరెంటు బిల్లు గుర్తొచ్చి ఎండీ గారికి నవ్వు రాలేదు. అద్దాలు పోయి మందపాటి గోడలు, లోతైన చిన్న కిటికీలు వచ్చాయి.

అడ్మిన్ ఆఫీసర్ని కనుక ఆయన డబ్బా మోయడం కూడా నా ఉద్యోగంలో భాగమైంది. చిత్రమేమిటంటే, ఆయన ఎక్కువ కాయలు పెట్టింది గేటు బయట. లక్డారం నుంచి వచ్చే కాంట్రాక్టు ఆడవాళ్లు ఆటో కోసం ఎండలో నిలబడే చోటు అది. వాళ్లకు మా బాత్రూములు కడగడానికి అనుమతి ఉంది, క్యాంటీన్లో కూర్చోవడానికి లేదు.

ఒక మధ్యాహ్నం నర్సింహమ్మ అక్కడే వడదెబ్బకు పడిపోయింది.

"సార్, జెర నీడకు తీస్కపోదాం, పట్టున్రి!" అని పక్కనున్న పోశమ్మ అరిచింది.

నీడ ఎక్కడుంది? ప్రహ్లాద్ గారు మిరపకాయల డబ్బా మూత ఊడబీకి, దాంతో ఆమె ముఖం మీద విసిరారు. ఆ ఘాటుకు నర్సింహమ్మ తుమ్ముతూ లేచి కూర్చుంది. సంగతి చెబితే, "ఏజెన్సీ వాళ్లు చూసుకుంటారు" అన్నారు ఎండీ గారు. నాకు ఒళ్లు మండింది. ప్రహ్లాద్ గారు మాత్రం ఎండిన కాయలు ఏరుకుని వెళ్లిపోయారు. ఈయనదీ రాతి గుండేనా అనుకున్నాను.

ఆఫీసు లేచింది. పడమటి గోడ నుంచి పన్నెండు అడుగుల స్లాబు గేటు బయటి ఖాళీ స్థలం మీదికి పొడుచుకొచ్చింది. దాని కింద బూజు పట్టిన మిరపకాయను ప్రహ్లాద్ గారు దారినపోయే ప్రతివాడికీ చూపించారు. మాకు పర్యావరణ అవార్డు వచ్చింది, ఆడవాళ్లకు కూర్చునే చోటు దొరికింది.

తీరా చూస్తే అవార్డు ఫొటోలో పోశమ్మ సద్ది తింటూ పడింది. ఎండీ గారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. "కంపెనీ పరువు పోతోంది. ఆ స్లాబు కోయించండి!"

కబురు తెలిసి పోశమ్మ నన్ను గేటు దగ్గర ఆపింది. "కుర్సీ అడిగినమా, ఫ్యాన్ అడిగినమా? జెరంత నీడ సార్. గది గూడ కోస్తరా?"

ప్రహ్లాద్ గారిని పిలిపించారు. ఆయన వాదించలేదు.

"కొయ్యొచ్చు సార్. గోడ కాగుతది, గంతే. స్లాబు అడిగినప్పుడే చెప్పిన గద, గోడ వెనక మీ రికార్డు రూము ఉన్నది. ఆడిట్ ఫైళ్లన్నీ అండ్లనే ఉన్నయ్. కాయితం పెళుసైతది."

"ఫైళ్లా?" ఎండీ గారి ముఖం పాలిపోయింది. "వద్దు, వద్దు. స్లాబు జోలికి ఎవరూ పోవద్దు!"

మెట్లు దిగుతుంటే ఉండబట్టలేక అడిగాను. "సార్, గా గోడ రెండడుగుల మందం. కిటికీ గూడ లేదు. ఫైళ్లకు వడదెబ్బ తగుల్తదా?"

ప్రహ్లాద్ గారు అటూ ఇటూ చూసి, నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు.

"మెల్లగ మాట్లాడు బాలరాజ్. మనుషులకని అడిగితే గాయన గొడుగు గూడ ఇయ్యకపోతుండె. ఫైళ్లకని అంటే పన్నెండు అడుగులు ఇచ్చిండు."