బర్రె సంగతి

సిద్దిపేట బస్సు కోసం చంద్లాపూర్ స్టేజీ దగ్గర ఆగాను. అక్కడి షెడ్డును, యుద్ధంలో చనిపోయిన ఒక కుర్ర ఆఫీసరు పేరు మీద ఊరివాళ్లు కట్టించారు. గోడకు నల్లరాయి ఉంది. నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. కనబడ్డదల్లా చదవాలనిపిస్తుంది. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి పైకే చదివాను. పేరు, ఊరు, కెప్టెన్ అని, ఇరవై ఆరేళ్లని, దేశం కోసం ప్రాణమిచ్చాడని ఉంది.

వెనక కూరగాయల సంచితో కూర్చున్న పెద్దామె, "చెల్లె, మల్లొకసారి సదువు" అంది. చదువుతుంటే నా వేలినే చూసింది.

"గంతేనా?"

"గంతే అక్కా. ఎందుకు?"

"నా కొడుకే. నాకు సదువు రాదు. ఎవర్నడిగినా బస్సొస్తదని గబగబ సదివి పోతరు. నడుమ ఏమన్న ఇడిసిపెడుతున్రేమో అనుకున్న. నీ ఏలు అన్నిటి మీదికెల్లి పోయింది."

"ఇంకేముంటదనుకున్నవు?"

"బర్రెలంటే వానికి మస్తు భయం. ఆఫీసరైనంక సెలవుల మీద వచ్చినా, మా బర్రె వాకిట్ల ఉంటే నన్ను ముంగట వెట్టుకొనే ఇంట్లకొచ్చెటోడు. తుపాకి వట్టెటోనివి, గిదేం భయంరా అంటే నవ్వెటోడు. గది ఎవరు రాస్తరు తియ్యి" అని ఆమే నవ్వింది.

అంతలో నా బస్సు వచ్చింది.

ఇప్పటికీ అక్కడ దిగితే ఆ రాయి చదువుతాను. చివరి అక్షరం కింద కొంచెం ఖాళీ జాగ ఉంది. అక్కడ కూడా వేలు పెట్టి, బర్రెలంటే భయమని చదివాకే చెయ్యి తీస్తాను.