పొగగొట్టం లేని ఇల్లు

సెవ్దా కొత్త ఇంటి గోడకు తమ్ముడు మనోల్ కన్నం పెట్టాడు. దొంగ పెట్టిన కన్నమైతే పోలీసులకు చెప్పుకోవచ్చు. ఇది ప్రేమతో పెట్టింది, ఎవరితో చెప్పుకోవాలి?

రొదోపి కొండల్లో చలికాలమంటే కట్టెలు, కట్టెలంటే ఆడవాళ్లు. చిన్నతనంలోనే తల్లి పోయింది. అప్పటినుంచీ తండ్రికీ తమ్ముడికీ పొయ్యి రాజేసింది సెవ్దానే. కట్టెలు మోసిందీ, బూడిద ఎత్తిందీ ఆమే. తండ్రి పోయాక కూడా మనోల్ పొయ్యి పక్కన కాళ్లు చాపుకుని కూర్చునే ఉన్నాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకుంటాడు, అన్నీ అమరుతుంటే!

బల్లలూ కుర్చీలూ చేసే కర్మాగారంలో నమూనాలు గీసే ఉద్యోగం ఆమెది. అందుకే వంటింటి బల్ల దగ్గర మూడు చలికాలాలు కూర్చుని తన ఇల్లు తనే గీసుకుంది. ఒకటే గది. దక్షిణాన పెద్ద కిటికీ, దానికి మూడు పొరల అద్దం. కొనేవాడు లేక లోయలో పారబోస్తున్న ఉన్నిని ఉతికి గోడల్లో జానెడు మందాన కూరింది. పొయ్యి లేకుండానే వెచ్చగా ఉండేలా, గాలి చొరబడకుండా అతుకులన్నీ మూసింది. కప్పు మీద సోలార్ ప్యానెళ్లు. ఏడాది పొడుగునా ఆ ఇల్లు వాడుకునే కరెంటంతా అదే చేసుకోవాలి. ఆమె కోరిందల్లా ఒక్కటే, బూడిద ముట్టకుండా ఒక చలికాలం బతకాలి.

"ఇది ఇల్లా అక్కా, తేనెపెట్టా?" అని మనోల్ నవ్వేవాడు.

కర్టెన్లు కొనడానికి పట్నం వెళ్లి వచ్చేసరికి గది నడుమ ఇనప పొయ్యి ఉంది. గోడలోంచి గొట్టం బయటికి పొడుచుకొచ్చింది. ఇరుగుపొరుగు చేతుల్లో పళ్ల సారా, రాకియా గ్లాసులు.

"ఏంట్రా ఇది?"

"గృహప్రవేశం కానుక. పొగ రాకపోతే ఇంట్లో మనిషి పోయిందనుకుంటారే. నా పరువేం కావాలి?"

"గోడలో ఉన్ని ఏదీ?"

"అడ్డమొస్తే లాగేశాం. గొర్రెలకి మళ్లీ మొలుస్తుందిలే."

గొట్టం చుట్టూ చెయ్యి పెట్టి చూసింది. చల్లగాలి ఈలవేస్తూ లోపలికి వస్తోంది.

"తమ్ముడు ముచ్చటపడి తెచ్చాడమ్మా, కాదనకు," అంది పొరుగావిడ.

ముచ్చటట. ఆ ముచ్చటకి కట్టెలు మోసేదెవరో అక్కడ ఒక్కరూ అడగలేదు.

"పీకెయ్," అంది సెవ్దా.

"ఇంత బరువు మళ్లీ మొయ్యాలా?"

"జన్మంతా నేను మోశాను. నువ్వొక్కసారి మొయ్యి. గోడ పూడ్చేదాకా కదలడానికి లేదు. ఇవాళ్టినుంచి నేనిక్కడే ఉంటాను."

"మరి అక్కడ మన పాత ఇంట్లో?"

"అక్కడ పొయ్యి నీది, బూడిదా నీదే."

మూతి ముడుచుకునే గొట్టం ఊడదీశాడు, పొయ్యి బయటికి మోశాడు, ఉన్ని కూరాడు, చెక్క బిగించాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. అందరూ వెళ్లాక కూడా మనోల్ గడప దగ్గర నసుగుతూ నిలబడ్డాడు.

"అక్కా," అన్నాడు గొంతు తగ్గించి, "ఇంతకీ పొయ్యి ఎలా రాజెయ్యాలి?"

యాభై దాటినవాడు. సెవ్దాకి నవ్వు రాలేదు, ఒళ్లు మండిపోయింది.