మెట్లెక్కే లిఫ్టు మెకానిక్కు

ఆయన చేసేది లిఫ్టులు బాగు చేసే పని. ఆయనకి భయం లిఫ్టంటేనే. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని తనలో తను నవ్వుకోని రోజు లేదు.

మొదట్నుంచీ ఇలాగేం లేదు. ఒకరోజు తనూ, ఎప్పుడూ జోడీగా పనిచేసే మిత్రుడూ లిఫ్టు పెట్టె పైన నిలబడి తాళ్లు చూస్తుండగా బ్రేకు జారింది. పెట్టె కీచుమంటూ కిందికి దూసుకుపోయి ఎక్కడో మధ్యలో ఆగింది. మిత్రుడి నడుము విరిగింది. ఈయనకి మోచెయ్యి గీరుకుంది, అంతే.

"మోచెయ్యి గీరుకున్నవాడికి సెలవేమిట్రా?" అని తనని తానే కసురుకుని మర్నాడే పనిలోకి వెళ్లాడు. వెళ్లాడు గానీ, లిఫ్టు తలుపు తెరుచుకోగానే కాళ్లు నేలకి అతుక్కుపోయాయి. చెవుల్లో అదే చప్పుడు.

అప్పట్నుంచి పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. పైన మోటారు గదిలో పని తను చేసేవాడు. లోపల నిలబడి చూడాల్సినదేదైనా ఉంటే ఏదో వంకతో పక్కవాడికి అంటగట్టేవాడు. ఒకసారి పని ముగించుకుని మెట్లు దిగుతుంటే ఆ అపార్టుమెంటులో ఉండే పెద్దావిడ ఎదురైంది.

"లిఫ్టు బాగైందా నాయనా?"

"భేషుగ్గా ఉందమ్మా, ఎక్కండి."

"మరి నువ్వు నడిచి దిగుతున్నావేం?"

"పొట్ట తగ్గించుకుందామని."

ఆవిడ ఆయన పొట్టకేసి చూసింది. లిఫ్టుకేసి చూసింది. చేతికర్ర ఆనించుకుంటూ ఆయన వెనకాలే మెట్లు దిగింది.

ఇంట్లో ఈ కథ నవ్వుతూ చెప్పాడు. భార్య నవ్వలేదు. "నిద్రలో మంచం పట్టుకుని వేలాడుతున్నారు. అదీ పొట్ట తగ్గడానికేనా? డాక్టరుకి చూపించుకోండి" అంది.

కాంట్రాక్టరుని అడిగితే ఇన్సూరెన్సు పర్మినెంటు వాళ్లకేనన్నాడు. "అయినా దెబ్బెక్కడ తగిలింది? చూపించు" అన్నాడు. ఈయన మోచెయ్యి చూపించాడు. అదీ మానిపోయింది.

ప్రైవేటు క్లినిక్కులో, ఒక్కో సిట్టింగుకి ఎంతవుతుందో రిసెప్షన్ అమ్మాయి చెప్పగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"కూర్చుంటేనే అంతా? నిలబడి మాట్లాడతానమ్మా, ఏమైనా తగ్గుతుందా?"

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వింది గానీ ఫీజు తగ్గలేదు. ఆయన బయటికి నడుస్తుంటే మాత్రం గుమ్మందాకా వచ్చింది. "బాబాయ్, సైకాలజీ కాలేజీలో చదువుకునేవాళ్లు పేషెంట్లని చూస్తారు. వెనక వాళ్ల మేడం ఉంటారు. ఇవ్వగలిగినంత ఇస్తే చాలు. కాకపోతే పిలిచేదాకా ఆగాలి."

ఆగాడు. పిలుపు వచ్చింది. ఆ గది ఆరో అంతస్తులో ఉంది. మాట్లాడటానికి వెళ్లినవాడు రొప్పుతూ, మంచినీళ్లు కావాలని సైగ చేశాడు.

ఎదురుగా కూతురి వయసు అమ్మాయి. ఆయనకంటే ఆమే ఎక్కువ కంగారుగా ఉంది.

"నేనింకా నేర్చుకుంటున్నానండీ."

"ఫర్వాలేదమ్మా. నేనూ జనం ఎక్కే లిఫ్టుల మీదే నేర్చుకున్నాను."

జోకులతో గంటా లాగించేద్దామనుకున్నాడు. పెద్దావిడ కథకి ఆ అమ్మాయి హాయిగా నవ్వింది. నవ్వాగాక మెల్లగా అడిగింది, "ఆ రోజు మీ పక్కన ఎవరున్నారు?"

ఆయన నోరు తెరిచాడు. మాటకి బదులు ఏడుపొచ్చింది. ఊహ తెలిశాక అంతగా ఎప్పుడూ ఏడవలేదు. మిత్రుణ్ణి ఆస్పత్రిలో చేర్చాక మళ్లీ ఆ మొహం చూడలేదు. నడవలేనివాడి ముందుకి నడుచుకుంటూ ఎలా వెళ్లడం?

వారం వారం కొంచెం కొంచెంగా అంతా చెప్పాడు. తర్వాత ఆ అమ్మాయి ఆయన్ని లిఫ్టు ముందు నిలబెట్టింది. ఇంకోసారి తలుపు తెరిచిపెట్టి లోపల నిలబెట్టింది. చివరికి ఒక అంతస్తు ఎక్కించింది.

"ఇన్నేళ్ల సర్వీసులో ఇదే మొదటిసారి ఎక్కినట్టుందమ్మా" అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

అటునుంచి అటే మిత్రుడింటికి వెళ్లాడు. చక్రాల కుర్చీలోంచే తిట్లు మొదలయ్యాయి. "విరిగింది నడుమురా, నోరు కాదు! మాట్లాడటానికైనా రాకూడదా?"

తిట్లు పడుతున్నకొద్దీ ఈయనకి ప్రాణం తేలికపడింది. తన భయం సంగతీ, ఆరో అంతస్తు అమ్మాయి సంగతీ అంతా చెప్పాడు. లేచి వచ్చేస్తుంటే మిత్రుడు గొంతు తగ్గించాడు. "కళ్లు మూస్తే నాకూ అదే చప్పుడురా. ఆ అమ్మాయి నన్ను చూస్తుందంటావా?"

మరుసటి వారం ఇద్దరూ కలిసే వెళ్లారు. చక్రాల కుర్చీతో మెట్లెక్కలేరు కాబట్టి లిఫ్టులోనే వెళ్లారు. మెకానిక్కు కాళ్లు ఇప్పటికీ కొన్ని రోజులు మొరాయిస్తాయి గానీ, ఆ రోజు మాత్రం మాట విన్నాయి. లోపల ముందుగా కళ్లు మూసుకున్నదెవరని ఇద్దరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.