మొద్దు కట్టిన మోటారుబండి

మొన్న హిందూపురంలో పెట్రోలు బంకు దగ్గర నిలబడి ఉంటే, ఎవరో ఒక పాత బండి మీద నీలం పొగ వదులుకుంటూ వెళ్లాడు. పెట్రోల్లో నూనె కలిపి తాగించే ఆ కాలపు బళ్ల పొగ అది. పక్కనున్నవాళ్లంతా ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం, చెప్పుకుంటే నవ్వుతారు గానీ, రెండడుగులు ముందుకు వేసి మరీ పీల్చాను. మల్లెపూల వాసనకు పడుచుదనం గుర్తొచ్చే అదృష్టవంతులు ఉంటారు. నాకు ఈ పొగ రాసిపెట్టి ఉంది.

గోరంట్ల పక్క మా పల్లె. తొంభైల చివర్లో నేను పదో తరగతి పాసయ్యాను. పై చదువుకు గోరంట్ల పోవాలి. మా ఊరికి బస్సు ఉండేది, లేదనను. అది ఎప్పుడొస్తుందో దాన్ని నడిపేవాడికి కూడా తెలిసేది కాదు. నాయన చదువుకు అడ్డం చెప్పే మనిషి కాదు. ఆయన భయమంతా దారి గురించే. "పోయి వచ్చేకి వసతి యాడుండాది పాపా? ఒక ఏడు సూద్దాంలే" అన్నాడు. మా ఊళ్లో బడి మానేసిన ఆడపిల్లలందరికీ మొదట చెప్పిన మాట అదే. ఆ ఒక్క ఏడు దాటి మళ్లీ పుస్తకం పట్టిన పిల్లను నేను చూడలేదు.

అప్పుడు అడ్డుపడినవాడు మా చిన్నాయన. బెంగుళూరులో మెకానిక్ షెడ్డులో పనిచేసి, సెలవు దొరికితే చాలు ఎండిన చెరువుల మట్టిలో మోటారుబళ్ల పందాలకు పోయి, చివరికి భుజం విరగ్గొట్టుకుని ఇల్లు చేరాడు. ఆయన పందాల బండి మా పశువుల కొట్టంలో గొంగడి కప్పుకుని పడుకుని ఉండేది. చూడ్డానికి చిన్నదే, మేకపిల్లంత. "పాపకు ఆ బండి ఇస్తా అన్నా, పోయి వస్తాది" అన్నాడు. నాయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆఖరికి, "ఒక్కతూరి పడిందంటే ఆ పొద్దే బండి అమ్మేస్తా. పాప ఇంట్లో ఉంటాది. మళ్ల నన్ను అడగొద్దు" అని తేల్చేశాడు. ఆయన మాటంటే మాటే. కాబట్టి నా చదువంతా నేను పడకుండా ఉండటం మీద ఆధారపడింది.

ఆ బండేమో పడెయ్యడానికే పుట్టింది. పందాల కోసం చిన్నాయన దాని కడుపులో ఏవేవో మార్చేశాడు. చెయ్యి కొంచెం తిప్పితే ఏమీ జరగదు. ఇంకొంచెం తిప్పినా దగ్గుతూ కూర్చుంటుంది. మరి కాస్త తిప్పామో, ఒక్కసారిగా ముందుచక్రం లేపి ఎగిరేది. దాన్ని నాకోసం మచ్చిక చెయ్యడానికి చిన్నాయన వారం రోజులు కొట్టంలోనే ఉన్నాడు. పొగగొట్టం మూతిలో చిన్న బెజ్జం పెట్టిన రేకు బిగించాడు. కార్బురేటర్లో, పెట్రోలు తలుపు సగానికి మించి లేవకుండా పెన్ను గొట్టం ముక్క ఒకటి కోసి పైన అడ్డం పెట్టాడు. "కాలవ మడవకు మట్టి అడ్డం ఏసినట్ల. ఇంక ఎంత తిప్పినా సగమే పారతాది" అన్నాడు నాతో. నిజంగానే ఆ తర్వాత బండి పెళ్లికూతురిలా నడిచింది.

నాయనకు మాత్రం నమ్మకం కుదరలేదు. మా చుట్టుపట్ల కోడెలను కాడికి అలవాటు చెయ్యాలంటే ఆయననే పిలిచేవాళ్లు. కోడె మెడకు తాడు వేసి, వెనక మొద్దు కట్టి, ఇసుకలో ఈడ్పించేవాడు. నాలుగు రోజులకు మొద్దు బరువు పెంచేవాడు. ఆ తర్వాత తనే మొద్దు మీద ఎక్కి నిలబడేవాడు. అంతటితో ఎంత పొగరుబోతు కోడెకైనా నిదానం వచ్చేది. లోపల పెట్టిన పెన్ను ముక్క కంటికి కనబడదు కదా, కనబడని అడ్డాన్ని ఆయన ఎట్లా నమ్ముతాడు? చిన్నాయన ఊళ్లో లేని ఒక పగటిపూట, బండిని ఎండిన చెరువులోకి తోయించి, వెనక చింతమొద్దు కట్టాడు.

నేను బండెక్కి ఈడ్చాను. బండి బుద్ధిగా పోయింది. నాయన ముఖం వెలిగింది. "సూస్తివా, దీనికీ అదే మందు" అని, మొద్దు మీదకు ఎక్కి తాడు పట్టుకుని నిలబడ్డాడు. తలకు తుండు, వెనక దుమ్ము, ముందు నేను. మా అమ్మ చూసి ఉంటే ఇద్దరికీ దిష్టి తీసేది. మొదటి గేరులో, నడినెత్తిన ఎండలో, చెరువు ఈ చివర నుంచి ఆ చివరకు మూడు దఫాలు లాగాను. నాలుగోసారి సగం దారిలో లోపల ఏదో కిర్రుమంది. ఇంజను కాలి బిగుసుకుపోయి, చక్రం ఉన్నచోటే ఆగింది. నేను ఒక పక్క, నాయన ఒక పక్క పడ్డాం.

మోకాలు చీరుకుపోయింది. నొప్పికి కాదు నేను ఏడ్చింది. పడ్డాను, అంతే, అయిపోయింది అని ఏడ్చాను. నాయన కుంటుకుంటూ వచ్చి తుండు చించి నా మోకాలికి కట్టాడు. తర్వాత బండి పక్కన కూర్చుని ఇంజను మీద అరచెయ్యి పెట్టబోయి, సెగకు చటుక్కున వెనక్కు తీసుకున్నాడు.

"ఎద్దయితే రొప్పుతాది పాపా. నురగ కక్కుతాది. సాలు అని సెప్తాది. ఇది ఒక్క మాటా సెప్పల్యా" అన్నాడు. నేను ధైర్యం చేసి, "బండి అమ్మేస్తావా నాయనా?" అని అడిగాను.

"నువ్వు యాడ పడితివి? మనం పడినాం. నా మాట నీకు గానీ మన ఇద్దరికీ కాదు" అన్నాడు.

రాత్రికి చిన్నాయన వచ్చి ఇంజను విప్పాడు. మర్నాడు పొద్దున్నే నాయన ఆ ముక్కలను పాత పంచెలో మూటగట్టుకుని, చిన్నాయన వెంట హిందూపురం షెడ్డుకు తనూ పోయాడు. అక్కడ మెకానిక్కును ఇంజనుకు దాహం ఎప్పుడు వేస్తుంది, అలసట ఎట్లా తెలుస్తుంది అని అడిగి నవ్వులపాలయ్యాడట. చిన్నాయన ఆ సంగతి మాకు చెప్పి తనూ నవ్వాడు గానీ, నాకు నవ్వు రాలేదు. బండి బాగయింది, ఆ ఏడే నేను కాలేజీలో చేరాను. సాయంత్రం ఇంటికి రాగానే నాయన ముందు బండి ఒళ్లు తడిమి చూసి, తర్వాత నన్ను చూసేవాడు. నాకు కోపం వచ్చేది.

శనక్కాయ పీకే కాలానికి ఒక ఉదయం ఆయనే చిన్నాయనను పిలిచాడు. "ఆ రేకు, ఆ పెన్ను ముక్క తీసెయ్యప్పా. నిదానం వచ్చిన కోడెకు ఇంకా మొద్దు కడితే మనసు ఇరుగుతాది." చిన్నాయన, "బండికి మనసేంది అన్నా" అన్నాడు. నాయన కోడె కొమ్ములకు పూసినట్టు హ్యాండిలు రెండు చివర్లకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, "పో పాపా" అన్నాడు.

చెయ్యి తిప్పాను. అడ్డం లేని బండి ఎగరబోయింది, నా చెయ్యి దాన్ని పట్టుకుంది. వెనక్కు చూడకుండా ఊరు దాటేశాను. ఎంత సంతోషమో చెప్పలేను. ఆ వెనక జరిగింది అమ్మ తర్వాత చెప్పింది. బండి చప్పుడు దూరంలో పూర్తిగా అణిగేదాకా నాయన వాకిట్లోనే నిలబడి, ఎద్దులను నెమ్మదిగా నడిపించేటప్పుడు అనే "హో... హో..." అనే మాటను నోట్లోనే అనుకుంటూ ఉన్నాడట. అప్పుడు ఆయనను ముసలాయన అనుకునేదాన్ని. ఇప్పుడు వేళ్లు మడిచి చూసుకుంటే, ఆ ఉదయం ఆయన ఇప్పటి నాకంటే చిన్నవాడు. నాకు ఒక్క క్షణంలో దాటిపోయిన ఆ దారి వాకిట్లో నిలబడ్డవాడికి ఎంత పొడుగో తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.