చొక్కా చెయ్యి మడిచిన తాత

తిరుపతి ఆసుపత్రిలో జన్యు సలహాదారుగా చేరిన కొత్తలో చిత్తూరులో ఒక ముస్లిం కుటుంబాన్ని కలవడానికి వెళ్లాను. వాళ్ల మనవరాలు రేష్మాకు తలసేమియా, అంటే తల్లిదండ్రులిద్దరి రక్తంలోనూ లోపం ఉంటే బిడ్డకు రాగల జబ్బు. నెలనెలా రక్తం ఎక్కించాలి. ఇంట్లో ఆమె చిన్నాన్నకు మేనరికం కుదిరింది. పెళ్లికి ముందే వధూవరులిద్దరికీ రక్తపరీక్ష చేయించమని అడిగాను.

ఇంటిపెద్ద తాత లేచి నిలబడ్డారు. "మా పెండ్లిళ్లు తప్పని చెప్పేదానికి వచ్చినావా అమ్మా?"

ఇల్లంతా నావైపే చూసింది.

"మా నాయన మా అమ్మకు సొంత మేనమామే తాతా. తప్పు పట్టేదానికి రాలేదు. పుట్టే బిడ్డకు ఈ జబ్బు రాకూడదనే వచ్చినాను."

ఆయన పకపకా నవ్వి చొక్కా చెయ్యి మడిచారు. "ముందు నా రక్తం తీసుకో. నన్ను జూసి వాళ్లూ ఇస్తారు."

పెళ్లికూతురికి ఆ లోపం లేదని తేలింది. పుట్టే బిడ్డలకు భయం లేదని ఆనందంగా ఫోన్ చేసి చెప్పాను. చదివిన చదువంతా ఉన్నా, ఆ ఇంట్లో నాకు అక్కరకొచ్చింది మా అమ్మానాయనల పెళ్లే.